గడిలో ‘సాయిబుల’ అని రాసింది నేనే

పుంగనూరు,
14-6-2004.

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రేషన్ కార్డులో ఒక కుటుంబం ఇంటిపేరు నా వలన తప్పుగా నమోదైనందున, దానిని సరిచేయించుట గురించి.

పదవీ విరమణ చేసిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు ఆవుల గోవిందరాజులు సిగ్గుతో విన్నవించుకొనునది.

1. 1995లో ఇంటింటి సర్వేకు నన్ను వేసిన వీధిలో, సైకిల్ షాపు నడుపుకొను అబ్దుల్ వాహిద్ హాష్మీ గారి ఇల్లు కలదు. ఇంటిపేరు గడి ఖాళీగా వదలరాదని మాకు ఉత్తర్వు. ఆయన హాష్మీ అన్నారు. “మీకు ఇంటిపేరు యాడిదప్పా, అది నీ పేరుకు తోక గదా” అన్నాను.

2. ఆయన కోపగించుకోలేదు. “తోక గాదు సార్, వంశం. మక్కాలో కరువొచ్చినప్పుడు మా పెద్దాయన రొట్టెలు విరిచి పులుసులో ఏసి ఊరందరికీ పెట్నాడంట. అరబ్బీలో హాషిం అంటే విరిచేటోడు. ఆ పేరే ఆయనకు నిలిసిపాయ. ఆయన వంశమోళ్ళం గాబట్టి హాష్మీలం” అన్నారు. “అంత పెద్దింటోడివి, ఈడ పంచర్లేస్తాండావే” అన్నాను. అరుగు మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు తలెత్తబుద్ధి కాదు.

3. గడిలో ‘సాయిబుల’ అని రాశాను. ఆ ప్రకారమే రేషన్ కార్డు వచ్చినది. మదనపల్లె బస్సుకు టైమైందనీ, గడి చిన్నదనీ ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకొంటిని. అబద్ధం. నాలుగక్షరాలు పట్టిన గడిలో రెండక్షరాలు పట్టవా. ఆయన చెప్పింది నాకు అర్థమైంది. అంత గొప్ప పేరు ఈయనకెందుకులే అనిపించింది, అంతే.

4. మా ఇంటిపేరు ఆవుల. మా ఇంట ఆవు లేక నలభై ఏళ్ళయినది. ఋజువు చూపమని నన్ను ఏ అధికారీ అడిగి ఉండలేదు.

5. వాహిద్ గారి కుమార్తె షాహీనాకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చినది. మార్కుల జాబితాలో షాహీనా హాష్మీ, రేషన్ కార్డులో సాయిబుల షాహీనా. ఇద్దరూ ఒకరేనని ఈ నెల ఇరవయ్యో తేదీలోగా కాగితం చూపకున్న యెడల ఉద్యోగం వేరొకరికి పోవును. ఆమెకు అఆలు దిద్దించింది నేనే. మొన్న మా ఇంటికొచ్చి, “ఎవురో తెలీనోళ్ళు రాసినారు సార్. మీరు రెండు మాటలు రాసిస్తే ఎమ్మార్వో గారు నమ్ముతారు” అన్నది. ఎవరు రాశారో వాళ్ళ నాయనకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా బిడ్డకు చెప్పలేదు. ఆ పూట నేనూ చెప్పలేకపోయాను.

కావున తప్పు ఆ కుటుంబానిది కాదనీ, పూర్తిగా నాదనీ నమ్మి, రికార్డులో హాష్మీ అని చేర్పించి, ఆమెకు కావలసిన కాగితం గడువులోగా ఇప్పించవలెను. నాపై ఏ చర్య తీసుకున్ననూ శిరసావహింతునని చిత్తగించవలెను.

తలవంచుకొని రాసిన
తమ విధేయుడు,
ఆవుల గోవిందరాజులు

తా.క.: రాసినవాని పేరు ఆ అమ్మాయికి తెలియనీయవద్దని ఆరో అంశంగా రాసి, కొట్టివేశాను. ఆమె మా గడపలో నిలబడి ఉన్నది. ఈ అర్జీ ఆమె చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. తమకన్నా ముందు ఆమె చదవవలెను.