మామ నన్ను వద్దన్నాడు

కొత్తకోట,
ఆదివారం.

చిరంజీవి మనస్వినికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. అందరం అంటే ఇద్దరమే కదా. నా ఒళ్లు బాగానే ఉంది. మీ బాపు పెట్టింది తింటున్నాడు, నిద్ర కూడా పోతున్నాడు. అంతవరకు నిజమే.

ఫోను ఉండగా అమ్మకు ఉత్తరమెందుకని నవ్వుకోకు. ఫోను పట్టుకుంటే ఆయన వచ్చి పక్కనే కూచుంటాడు. నువ్వు కూడా నోటితో అడగలేకనే కదా కాగితం మీద రాసి నల్లగొండ నుంచి పోస్టు చేశావు.

ముందు నీ చిన్న ప్రశ్నలకు జవాబులు. పల్లికాయ పీకడం అయిపోయింది, కాయ బాగానే నిండింది. కొట్టు పొద్దున పూటే తెరుస్తున్నాను. మోకాలు నొప్పి ఎటూ పోలేదు, ఇంట్లో చుట్టంలా కూచుంది. హాస్టల్ పప్పు నీళ్లలా ఉందన్నావు, పల్లీల కారం దంచి పంపిస్తున్నాను. నీ రూం పిల్లలకు కూడా పెట్టు, ఒక్కదానివే నాకకు.

ఇక పెద్ద ప్రశ్న. ఎండాకాలం సెలవుల్లో మా ఇద్దరికీ తెలుగులో చెప్పావే, విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషు నవల, దాని గురించే రాశావు. ఊలు మిల్లు యజమాని చనిపోయిన స్నేహితుడి బిడ్డను తెచ్చి పెంచుతాడు. ఆ పిల్ల ఎదిగాక తనే పెళ్లాడతాడు. ఆమె మనసుపడి ఒప్పుకుందా, తిన్న అన్నానికి మొగమాటపడి ఒప్పుకుందా అన్నది చివరిదాకా తేలదన్నావు. మీ క్లాసులో సగం మంది అది ప్రేమ అన్నారట, సగం మంది అన్యాయం అన్నారట. నువ్వు మాత్రం నోరు తెరవలేకపోయానని రాశావు. "అమ్మా, మీ నాయన పోయాక నిన్ను పెంచింది మేనమామ. ఆయననే చేసుకున్నావు. నీకు నిజంగా ఇష్టమేనా?" అని అడిగావు.

నాకు కోపం రాలేదు, ముందు నవ్వొచ్చింది. మన దగ్గర మేనమామను చేసుకున్నదాన్ని ఎవరూ అలా అడగరు. నన్నూ అడగలేదు. ఒక పొద్దున మీ అమ్మమ్మ బాలనర్సమ్మ "నిన్ను మామకిస్తున్నమే" అంది, నేను ఊఁ అన్నాను. ఆయనకు నలభై, నాకు పంతొమ్మిది. పుట్టినప్పటి నుంచి మామా అని పిలిచాను, పెళ్లయ్యాకా మామా అనే పిలిచాను. అప్పుడు ఇష్టమా అంటే తెలియదు బిడ్డా. తెలియని ఇంటికి పోయే భయం తప్పిందనుకున్నాను.

ఇష్టం తర్వాత వచ్చింది. నువ్వు పుట్టకముందు నాకు మోపెడ్ నేర్పిస్తానని పెద్దరోడ్డు పక్క మట్టిబాటకు తీసుకుపోయాడు. వెనక సీటు పట్టుకుని పరుగెత్తాడు. చూసినవాళ్లు ఊరుకుంటారా?

"గాలన్నా, కోడలికి నేర్పుతున్నవా, పెండ్లానికి నేర్పుతున్నవా?"

"ఇద్దరికి నేర్పుతున్న, మీకేంది?" అన్నాడు రొప్పుతూ.

పడి మోచెయ్యి కొట్టుకుంటే మట్టి దులిపి మళ్లీ ఎక్కమన్నాడు. ఆ పూట ఇంటికి వస్తూ ఆయన వీపుకు తల ఆనించి కూచున్నాను. ఆయన నాకు మొగుడైంది ఆ రోజే. చాలా ఇష్టపడ్డాను మనూ, ఇప్పటికీ ఇష్టమే. మీ మేడంతో చెప్పు.

మరి ఆయన సంగతేమిటన్నది నాకు ఈమధ్యే తెలిసింది. నువ్వు నవల చెబుతుంటే మధ్యలో "పిల్లనడగాలె గదా!" అని విసురుగా లేచిపోయాడు చూడు, కథ నచ్చలేదేమో అనుకున్నాం.

ఆయన మతిమరుపు నీకు కొత్త కాదు. కొట్టులో చిల్లర తప్పివ్వడం, బజారుకు పోయి దారి మరిచిపోవడం చూశావు. కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి మిగులుతాయి అని దవాఖానలో డాక్టరు నీ ముందే అన్నాడు. ఎంత వెనక్కి పోయాడో నీకు చెప్పకుండా దాచాను.

ఒక మధ్యాహ్నం అన్నం పెట్టి ఎదురుగా కూచున్నాను. ముద్ద చేతిలో పెట్టుకుని నన్నే చూశాడు.

"నవనీతా, మా అక్క నిన్ను నాకే ఇస్తనంటాంది. నేనొద్దన్న."

"ఎందుకు మామా?"

"నిన్ను సంకల ఎత్తుకొని తిరిగినోన్ని బిడ్డా. రేపు నేను ముసలోన్నయితే నన్ను పట్టుకొని దవాఖానల సుట్టు తిరుగుతవా? నాకు బువ్వ తినిపిచ్చుకుంట కూసుంటవా? నీ బత్కు ఆగం చెయ్య. నీ ఈడు పిలగాన్నే చూస్త."

"నాకిష్టమే మామా" అన్నాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఎవరూ అడగని మాట, నలభై మూడేళ్లకు నా అంతట నేనే చెప్పాను.

"నీకేం తెల్వదు. జర మంచినీళ్లియ్యి" అన్నాడు.

అప్పట్లో నిజంగానే వద్దన్నాడేమో. మా అమ్మ ఒట్టు పెట్టి ఒప్పించిందేమో. అడుగుదామంటే అమ్మ లేదు, ఆయనకు ఆ పెళ్లే గుర్తులేదు. ఇప్పుడు రోజూ నన్ను వద్దంటాడు. ఎంత ప్రేమగా అంటాడంటే, అవతలికి పోయి గిన్నెలు కడుగుతూ ఏడుస్తాను. ఇన్నేళ్ల కాపురం ఇక నాకొక్కదానికే గుర్తుంది.

అసలు రాయాల్సింది ఇంకా రాయలేదు. పోయిన వారం పల్లికాయ ఒలుస్తుంటే ఆయన కళ్లు నా కాళ్ల మీద పడ్డాయి.

"మట్టెలెవరు పెట్టిండ్రు? నీ పెండ్లయిందా?"

కాళ్లు చీర కుచ్చిళ్ల కిందకు లాక్కున్నాను.

"నన్ను పిల్వకుంట చేసిండ్రా? పెండ్లిపిల్లను గంపల కూసోబెట్టి తెచ్చేటిది మేనమామ గాదా? నేను సచ్చిననుకున్నరా?" అని గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. "నువ్వే కదా మామా నన్ను చేసుకుంది" అని చెప్పి చూశాను. చెవులు మూసుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మళ్లీ కాళ్లు చూశాడు, మళ్లీ అదే ఏడుపు.

మనూ, నేను మట్టెలు తీసేశాను. ఆయన ముందే తీసి, "ఇగో మామా, ఉత్తగ పెట్టుకున్న. నాకింక పెండ్లి కాలే" అన్నాను. తాళి జాకెట్ లోపలికి వేసుకున్నాను. అప్పుడు కళ్లు తుడుచుకుని అన్నం తిన్నాడు. పక్కింటి సత్తమ్మ చూసి "మొగడు బతికుండంగనే గిదేం పనే?" అని నోరు నొక్కుకుంది. ఆమెకేం చెప్పను? మొగుడు పోయినదానికి చేసే పని నేను మొగుడికి అన్నం తినిపించడానికి చేసుకున్నాను.

పరీక్షలు కాగానే వస్తానన్నావు. రా తల్లీ. నా కాళ్లు చూసి కేకలు పెడతావని ముందే రాస్తున్నాను. ఎవరింటి పిల్లవని నిన్ను అడుగుతాడు. నవనీతతో చదువుకున్నదాన్నని చెప్పు. బాపూ అని నోటిదాకా వస్తే మింగేసుకో. నన్ను కూడా ఆయన ముందు అమ్మా అని పిలవకు. పెళ్లికాని మేనకోడలిని ఎవరో అమ్మా అన్నారంటే మళ్లీ అన్నం మానేస్తాడు.

మధ్యాహ్నం ఆయన కాసేపు కునుకు తీస్తాడు. అప్పుడు వంటింట్లోకి రా. అక్కడ ఎన్నిసార్లు పిలుస్తావో పిలువు.

ఇట్లు,
నీ అమ్మ
నవనీత