అరలోంచి నువ్వు తీసిన నవల

లెషెక్ అన్నయ్యా,

ఈ ఉదయం నా పుస్తకాల అర తుడుస్తుంటే గసగసాల కేకు పొడి చేతికంటింది. నిన్న నాన్న పేరుగల సెయింటు పండుగ భోజనాల మధ్యలో లేచి, ఎంగిలి చేత్తోనే నువ్వు ఆ నవల లాగిన చోటది.

నా పుస్తకాల్లో ఒక్కటీ చదవనివాడివి, అంచున ఉన్న పెన్సిలు రాత మాత్రం అందరికీ చదివి వినిపించావు.

"వినండి! 'ఈ ఇంట్లో ఊపిరాడటం లేదు. ఏదో ఒకరోజు రైలెక్కేస్తాను.' ఎవడే వాడు, సన్యాసినీ? టికెట్టు వాడే కొంటాడా?"

నాన్న బల్ల చరిచి నవ్వాడు. "మూగదానికి ఎన్ని కోరికలో!" అంది హలీనా అత్త. నేను తల దించుకున్నాను. సిగ్గనుకున్నావు. కళ్లలో కోపం కనబడకూడదని, అందుకు.

క్రాకోలో స్నేహితులకు చూపిస్తానని దాన్ని సంచిలో వేసుకుపోయావు. ఎవరికీ చూపించకు. శుక్రవారంలోగా నా పేరు మీదే పంపు. అది నాన్న చేతిలో పడకూడదు. క్షమాపణ రాయాల్సింది కూడా నాకు కాదు.

ఆ నవల అమ్మది, ఆ రాతా అమ్మదే. అమ్మా నేనూ ఒకే కాన్వెంటు సిస్టర్ల దగ్గర అక్షరాలు దిద్దాం కనుక మా చేతిరాతల తేడా నీకు తెలియలేదు. ఆ మాట రాసుకునేనాటికి నేను పుట్టలేదు. నీకు రెండేళ్లు.