గురువారం మీటింగుకి దారెటు?

ఏప్రిల్ 6, సోమవారం. ఉదయం 6.10
ఈ రోజు నుంచి మందు బంద్! ఇంకుతో రాశాను. ఇక వెనక్కి పోయేది లేదు.
కారణం మా అమ్మాయి శైలజ. విజయనగరంలో నర్సింగ్ చదువుతోంది. 29న వాళ్ల కాలేజీలో పిల్లలంతా దీపం పట్టుకుని ప్రమాణం చేసే ఫంక్షన్. నిన్న ఫోన్లో అంది: "నాన్నా, నువ్వు రావాల. వీడియో నువ్వే తియ్యాల. మందు వాసనతో మాత్రం రాకు."
ఇరవై మూడు రోజులు. అదెంత!
కొన్నవి: ఈ డైరీ, సోంపు పావుకిలో, నిమ్మకాయలు డజను.

ఏప్రిల్ 7. సాయంత్రం
తాగలేదు! గౌరి నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. పెళ్లయిన కొత్తలో కూడా మా ఆవిడ ఇంత దగ్గరికి రాలేదు.

ఏప్రిల్ 8
చేతులు వణుకుతున్నాయి. రైస్ మిల్లులో కాటా దగ్గర బస్తా బరువు రాస్తే నా అంకె నాకే అర్థం కాలేదు. శైలజకి చెప్పాను. మానేయాలనుకునేవాళ్లకి విజయనగరంలో ప్రతి గురువారం మీటింగులుంటాయట, అడ్రసు పంపింది.
మా ఆమదాలవలసలో ఉన్నా వెళ్లను. మిల్లు నుంచి స్టేషన్ దాకా అందరూ తెలిసినవాళ్లే. విజయనగరమే మేలు. తాగి రోడ్డు పక్కన పడుకున్నప్పుడు రాని సిగ్గు, మానేస్తున్నానంటే వస్తోంది. ఏం బుద్ధో నాది!

ఏప్రిల్ 9, గురువారం
రైలెక్కాను. విజయనగరంలో దిగాక చూస్తే ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది, అడ్రసు అందులో! ఆటో అతన్ని గుసగుసగా అడిగాను, తాగుడు అలవాటున్నవాళ్లు కూడే చోటు ఎక్కడని.
"తెలీకేటి మావా! ఎక్కు!"
వైన్ షాపు ముందు దించాడు. "అందరూ ఇక్కడికే వస్తారు."
సోడా తాగాను. ఒట్టి సోడా! రెండు! మీటింగు పోతే పోయింది, నేను గెలిచాను.

ఏప్రిల్ 16, గురువారం
దొరికింది! ఒక స్కూల్లో ఒకటో తరగతి గది. బెంచీ మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఏడుగురున్నారు. టీ, బిస్కెట్లు. పేరు చెబితే చాలు, ఊరక్కర్లేదు. ఇక్కడి మాట బయటికి పోదు. హమ్మయ్య అనుకున్నాను.
అప్పుడు తలుపు తోసుకుని వచ్చాడు సోములు బావ. గౌరికి సొంత అన్న! ప్రతి గురువారం భజనకని ఇంట్లో చెప్పి, నాలుగు నెలలుగా ఇక్కడికొస్తున్నాడట.
"ఏటి బావా, నువ్విక్కడ?" అన్నాను.
"నువ్వేటి మరి?"
నా వంతు వచ్చింది. ఎదురుగా బావ. "నాకు పెద్దగా అలవాటు లేదండి, ఎప్పుడైనా పండక్కి" అన్నాను. బావకి టీ పొలమారింది.

ఏప్రిల్ 20
పదిహేనో రోజు! ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది. శైలజకి ఫోన్ చేసి చెప్పాను. "నిజంగానా నాన్నా?" అని రెండుసార్లు అడిగింది.

ఏప్రిల్ 23, గురువారం
మీటింగుకి వెళ్లలేదు. కారణాలు:
1. ఎండ.
2. రైలు లేటట. (స్టేషన్‌కి వెళ్లి చూడలేదు.)
3. నాకు నయమైపోయింది కదా!
సాయంత్రం 5.30: తాటికల్లు, ఒక ముంత. కల్లు మందు కాదు, చలవ. లెక్కలోకి రాదు.
6.15: ఇంకో ముంత. ఎండలు అలా ఉన్నాయి మరి.

ఏప్రిల్ 28, మంగళవారం
అత్తవారి ఊళ్లో అమ్మవారి పండగ. మా వైపు అమ్మవారికి కోడితోపాటు మందు సీసా కూడా పెడతారు. మిగిలింది ప్రసాదం. గ్లాసు మొదట బావ దగ్గరికొచ్చింది.
"నాకొద్దు. నాను తాగుడు మానీసినాను" అన్నాడు, అందరి ముందూ!
పందిట్లో ఒక్క నిమిషం నవ్వారు. తర్వాత మాంసం వడ్డన మొదలైంది, బావ సంగతి ఎవరికీ పట్టలేదు.
గ్లాసు నా దగ్గరికొచ్చింది. "అమ్మోరిది కాదంటే కళ్లు పోతాయి" అన్నాను. తాగాను. బావ వాటా కూడా తాగాను. తర్వాతవి ప్రసాదం కాదు, అయినా తాగాను.

ఏప్రిల్ 29
పళ్లు మూడుసార్లు తోమాను. సోంపు నమిలి నమిలి దవడ నొప్పి. పది గంటలకి కాలేజీలో ఉన్నాం, గౌరి, బావ, నేను.
శైలజ తెల్లటి యూనిఫాంలో పరిగెత్తుకొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. నా మొహం దగ్గర ఆగిపోయింది. తిట్టినా బాగుండేది. ఫోన్ తీసుకుని బావకిచ్చింది.
"మావయ్యా, నువ్వు తియ్యి. నాన్నా, నువ్వు బయట కూకో."
గేటు బయట జామకాయల బండి పక్కన కూర్చున్నాను. లోపల మైకులో పేర్లు చదువుతున్నారు. "శైలజ, తండ్రి ధనరాజు" అన్నారు. చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. బండి దగ్గరున్న ముసలామె కాయ కోసి ఉప్పూకారం అద్ది ఇచ్చింది.
"తిను బాబూ. ఏడుస్తా కూడా తినొచ్చు."
తిన్నాను.

ఏప్రిల్ 30, గురువారం
సాయంత్రం 5: మీటింగు. ఎదురుగా బావ.
"నా పేరు ధనరాజు. నాను తాగుబోతుని. నిన్న మా పాప దీపం ఎలిగించింది. నాను సూడలేదు. తాగీసి ఎల్లాను."
బావ తన టీ నా వైపు జరిపాడు.
6.50: స్టేషన్. శైలజ ఫోన్ ఎత్తలేదు. శైలజ తనకి పంపిన వీడియోని బావ నాకు పంపాడు, ఇంకా తెరవలేదు.
ఈ రోజు ఒకటో రోజు. ఈసారి శైలజకి చెప్పను. తనంతట తను అడిగేదాకా చెప్పను.