నా నోట్లో కాపురమున్న పేరులేని ప్రాణి

12 ఆగస్టు 2006, శనివారం రాత్రి

ఛత్రినాక వాసులందరికీ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నా నోట్లో ఒక కొత్త ప్రాణి కాపురముంటున్నది. ఇకపై నాతో మాట్లాడువారు రెండడుగుల దూరంలో మర్యాదగా నిలబడవలెను.

మా అక్క కూతురు సుజాత నోటి బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తోంది. పోయిన ఏడాది మా గల్లీలో ఇంటింటికీ తిరిగి ఏంతో తోముకుంటారో ఫారం నింపించుకుని, పళ్ల మీది పాచి గీకి పట్టుకుపోయింది. ఇవాళ సాయంత్రం జిలేబీ పొట్లంతో వచ్చింది.

"మామా, నీ నోట్ల దొరికిన బ్యాక్టీరియా జీనోం మొత్తం చదివినం. ఏ కుటుంబందో తెలిసింది గని, తెలిసిన ఏ జాతితోని కలుస్తలేదు."

"అంటే ఇంటిపేరు తెలిసింది గని సొంత పేరు లేదన్నట్టు."

"గంతే మామా."

మా ఇంటావిడ చాయ్ ఇస్తూ, "ఇరవై ఏండ్ల సంది చెప్తున్న, ఆ నోరు మంచిది కాదని. ఇప్పుడు మిషన్ గూడ చెప్పింది," అంది. ముగ్గురం పడీ పడీ నవ్వుకున్నాం.

అప్పుడు సుజాత అంది: "గల్లీ మొత్తంల వేపపుల్లతోని తోముకునేది నువ్వొక్కనివే. గందుకే అది నీ దగ్గరనే బతికిందని థీసిస్‌ల రాసిన. సోమవారం మా సార్‌కు ఇస్తున్న."

ఇంటావిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

రేపు పొద్దున్నే సుజాతకు ఫోన్ చేసి నిజం చెప్పాలి. పిల్ల రెండేళ్ల కష్టం. తిడితే తిట్టనీ...

ప్రాణి నిజమే, నాదే. వేపపుల్ల మాత్రం ఆ రోజు ఫారం నింపుతూ గొప్ప కోసం నేను పుట్టించింది. నేను తోమేది ఎర్ర పళ్లపొడితో, అదీ గుర్తున్న రోజున.