చైన్ లోడర్‌కి వచ్చిన బేరం

శుక్రవారం, మే 2007

మట్టి ఎత్తి నేల చదును చేసే మా పాత చైన్ లోడర్ అమ్మేసి కొత్తది తెద్దామని అన్నది నేనే. వానల్లో ఇది మొరాయిస్తే ఒప్పుకున్న పనులన్నీ పోతాయి. కొంటానని టెక్కలి నుంచి బావ వచ్చాడు. రాగానే చెప్పుకాలితో చైన్‌ని తన్ని చూశాడు. ఎందుకో నాకు ఒళ్లు మండింది. ఆయిల్ కారుతుందని, ఎడమ చైన్ వదులని, పొద్దున్నే స్టార్ట్ కాదని అడక్కుండానే చెప్పేశాను.

"ఏటి బావా, అమ్ముతన్నావా, నన్ను తరిమేత్తన్నావా?" అని నవ్వి, టీ తాగి వెళ్లిపోయాడు.

మా ఆవిడ నన్ను అదోలా చూసింది. "ఇసకలో దిగబడదని, జీడికొమ్మ ఒక్కటి ఇరగకుండా తోటంతా సదును సేత్తాదని సెప్పనేదేటి?"

బావ అడగలేదన్నాను. ఆ మాటకొస్తే లోపాలు మాత్రం అడిగాడా...