గుడ్డురాయి దగ్గర వెతికారు

వూస్టర్,
మే 30

ప్రియమైన ఎల్ బాబాయ్‌కి,

ఫోన్ చేస్తే "బాగున్నా తల్లీ, ఉంటా మరి" అని పెట్టేస్తున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని సగంలో పెట్టేయలేరు కదా.

నాన్న పోయి పదహారు రోజులైంది. హాస్టల్లో అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన మాట్లాడినట్టు. మన పెనికట్‌లో మాత్రం అలా లేదు. సమాధి చేసిన రోజు బేకరీ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నేను వెనకే ఉన్నానని తెలియక మాట్లాడుకున్నారు. "భార్య వెళ్లిపోయినప్పటి నుంచి అమారో మనిషిలా లేడు." "లైఫ్‌జాకెట్ తనే విప్పేసి ఉంటాడు, పాపం."

ఆ మాట నన్ను వదలడం లేదు. పద్నాలుగేళ్లు కయాక్ పడవలో చేపలు పట్టిన మనిషి. జాకెట్ వేసుకోకుండా నన్ను రేవులో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. అది కార్లో లేదు, ఇంట్లో లేదు, బే సముద్రంలో కలిసే నోటి దగ్గర దొరికిన కయాక్‌లోనూ లేదు.

ముందురోజు సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. "చారల బాస్ చేపలు వచ్చేశాయి ఇనెస్, రేపు గుడ్డురాయికి వెళ్తున్నా" అన్నాడు. తర్వాత, "ఈమధ్య ఏదీ రుచించడం లేదమ్మా" అన్నాడు. నేను "నాన్నా, రేపు పరీక్ష, తర్వాత మాట్లాడతా" అన్నాను.

మీరు నాన్న ప్రాణ స్నేహితుడు, ఆయన్ని ఒడ్డుకు తెచ్చింది మీరే. ఒక్కటే అడుగుతున్నాను. నాన్న చావాలనుకున్నాడా?

మీ
ఇనెస్

*

పెనికట్,
జూన్ 8

నా చిట్టితల్లి ఇనెస్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా చేతిరాత సంగతి నీకు తెలుసు, ఓపిగ్గా చదువుకో.

మీ నాన్న ఫ్రిజ్‌లో వదిలిన కేల్ ఆకుల సూప్ నిన్నటితో అయిపోయింది. పారేయడానికి మనసొప్పలేదు, రోజూ కొంచెం తాగాను. వాడి వాకిట్లో గడ్డి కోశాను. మీ అమ్మ ఒకసారి ఫోన్ చేసి ఏడ్చింది.

చేపలు బాగా పడుతున్నాయట. నేను వెళ్లలేదు. చేపలు పట్టే కింబాల్ ముఠా ప్రతి పొద్దున్నా రేవులో దిగుతోంది. ఇదివరకు నన్ను చూస్తే "ఏం ఎల్, ఇవాళ కూడా గుడ్డురాయేనా? అదింకా పొదగలేదా?" అని వెక్కిరించేవాళ్లు. ఇప్పుడు తల వంచుకుని పోతున్నారు. ఆ వెక్కిరింతే నయం.

నువ్వు అడిగినదానికి ఏం చెప్పను? గుడ్డురాయికి ఉత్తరంగా నీళ్లలో కనబడ్డాడు. లాక్కొచ్చాను. మే నెలలో ఎండ వెచ్చగా ఉన్నా నీళ్లు మంచుముక్కే తల్లీ. అందులో పడితే పది నిమిషాల్లో వేళ్లు మాట వినవు, ఆ తర్వాత బుర్ర మాట వినదు. జాకెట్ ఎలా ఊడిందో ఎవరు చెప్పగలరు? ఫోన్ గురించి మనసులో పెట్టుకోకు. నువ్వు చదువుకుంటున్నావని వాడు రేవంతా చాటేవాడు.

వేళకు తిను.

నీ మేలు కోరే
ఎల్‌బ్రిడ్జ్

*

వూస్టర్,
జూన్ 21

ఎల్ బాబాయ్‌కి,

శనివారం పెనికట్ వచ్చాను. మీకు చెప్పలేదు. కయాక్ అద్దెకు తీసుకుని, నాన్న చేపల నోటుబుక్కు సంచిలో పెట్టుకుని గుడ్డురాయికి వెళ్లాను.

ఆ పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఒకటే మాట. "గుడ్డురాయి. ఆటు, మూడో గంట. నాలుగు చేపలు." "గుడ్డురాయి. ఆటు, మూడో గంట. ఆరు." నేనూ ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్న మూడో గంటకే వెళ్లాను. కయాక్ అడుగు బురదలో కూరుకుపోయింది. చుట్టూ సముద్రపు కొంగలు నడుస్తున్నాయి. గవ్వలు తవ్వుకునే ముసలాయన ఒకాయన నన్ను చూసి పార ఆనించి నిలబడ్డాడు.

"ఏంటమ్మాయ్, దానికి కాళ్లున్నాయా? ఇక్కడ నడిపిద్దామనుకుంటున్నావా?"

"బాస్ కోసం వచ్చానండీ."

"ఇక్కడా! ఎవడు చెప్పాడు నీకు?"

"మా నాన్న. అమారో ట్రవాసోస్."

"హహ్! కూతురికి కూడా అదే చెప్పాడా, దొంగ..." అని నవ్వబోయి, గుర్తొచ్చి టోపీ తీసేశాడు. తర్వాత కయాక్‌ని కాలువ దాకా తోసి పెట్టాడు.

నాన్న ఎప్పుడూ గుడ్డురాయి దగ్గర చేపలు పట్టలేదు. ఎక్కడ పట్టేవాడు? రేవు అధికారిని అడిగాను. ఆయన వచ్చి రెండేళ్లే అయింది, ఈ నీళ్లు ఆయనకు తెలియవు. "గుడ్డురాయి అని నాకు చెప్పింది మీ నాన్నగారి స్నేహితుడే కదమ్మా" అన్నాడు.

మీరేం దాస్తున్నారో నాకు తెలియదు. నాకు అర్థమైంది మాత్రం రాస్తున్నాను. ఎవరికీ తెలియని చోటికి వెళ్లాలని, వెతికినా దొరకకూడదని, నాకు అబద్ధపు పేరు చెప్పి, జాకెట్ విప్పేసి నాన్న వెళ్లిపోయాడు. ఏదీ రుచించడం లేదని చెప్పాడు కూడా. నేను వినలేదు.

ఈ వేసవి సెమిస్టర్ మానేశాను. పుస్తకం తెరిస్తే ఆ ఫోనే వినబడుతోంది.

ఇనెస్

*

పెనికట్,
ఆగస్టు 3

ఇనెస్ తల్లికి,

ఆరు వారాలు జవాబు రాయలేదు. రాసి చించినవి పొయ్యిలో ఉన్నాయి. ఇది చించను.

నల్లవాగు బేలో కలిసేచోట నీళ్ల కింద ఒక పాత రాతిగోడ ఉంది. ఆటు మూడో గంటకు ఆ గోడ మీదుగా నీళ్లు విరుగుతాయి. చిన్న చేపలు ఆ సుడిలో చిక్కుకుంటాయి, చారల బాస్ గోడ వెనక నోరు తెరుచుకుని నిలబడతాయి. పద్నాలుగేళ్ల కిందట మేమిద్దరం కనిపెట్టాం. ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. ఎవరడిగినా గుడ్డురాయి. పెళ్లాలకి, పిల్లలకి, చివరికి పుస్తకంలో రాసుకునేటప్పుడు కూడా గుడ్డురాయే. ఇక్కడ చేపలు పట్టే ప్రతివాడికీ అలాంటి అబద్ధం ఒకటుంటుంది. మీ నాన్న నీకు చెప్పింది ఆ అబద్ధమే. వేరే ఏమీ లేదు.

ఆ రోజు తొమ్మిదికి నాతో కాఫీ తాగాల్సినవాడు రాలేదు. తొమ్మిదిన్నరకు రేవు అధికారిని పిలిచింది నేనే. ఆయన పడవ ఇంజను వేసి, "ఎక్కడుంటాడు?" అని అడిగాడు. కింబాల్, వాడి మనుషులు చుట్టూ ఉన్నారు. కింబాల్ నవ్వుతూ, "ఏం ఎల్, ఇప్పుడైనా నిజం చెప్తావా, గుడ్డురాయేనా?" అన్నాడు.

నేను "గుడ్డురాయే" అన్నాను.

నోరు అలవాటుగా అనేసింది అని రాద్దామనుకున్నాను. అది సగమే నిజం. వీడి ముందు చెప్పేదేంటి, అమారో ఎలాగూ వచ్చేస్తాడు అని కూడా అనుకున్నాను. పడవ దక్షిణానికి వెళ్లింది. అక్కడ లేకపోతే కొట్టుకుపోయి ఉంటాడని బే నోటి దాకా వెతికారు. ఉత్తరాన ఉన్న నల్లవాగు ఆ పడవకి పది నిమిషాల దారి. రేడియోలో చెప్పొచ్చు. చెబితే అబద్ధం ఆడానని ఒప్పుకోవాలి. నేనే తెచ్చేస్తానని పదింటికి నా కయాక్ దింపాను. ఆటుకి ఎదురు తెడ్డు వేస్తూ వెళ్లేసరికి పదకొండుంపావు.

మీ నాన్న తేలుతూ కనబడలేదు. నిలబడి ఉన్నాడు.

గోడ పక్కన ఒకప్పుడు ఆల్చిప్పలు పెంచడానికి పాతిన గుంజ ఒకటుంది. లంగరు తాడు పక్కకు చిక్కుకుని కయాక్ తిరగబడి ఉంటుంది. తాడు కోస్తే కయాక్ కొట్టుకుపోయింది, రేడియో దాంతోనే పోయింది. వాడు గుంజని పట్టుకున్నాడు. చేతులు పట్టు వదిలేస్తాయని తెలిసి, తెడ్డు తాడుతో నడుముని గుంజకి కట్టుకున్నాడు. ముడి మీద ముడి, మూడు ముడులు. తెడ్డుని గుంజ వెంట నిలబెట్టి, జాకెట్ విప్పి దాని కొసకి తగిలించాడు. నారింజ రంగు కదా, దూరం నుంచి ఎవరైనా చూస్తారని.

చావాలనుకున్నవాడు ఇవేమీ చేయడు తల్లీ.

పదిన్నర ప్రాంతంలో పోయి ఉంటాడని డాక్టరు అన్నాడు. ముడులు నేను కోశాను. జాకెట్ కిందికి దించాను. ఆ చోటు ఎవరికైనా తెలిస్తే నేనేం చేశానో కూడా తెలుస్తుంది. అందుకే గుడ్డురాయి వైపు లాక్కెళ్లి, అక్కడ దొరికాడని చెప్పాను. జాకెట్ నా గరాజులో ఉంది. ఆ రోజు నుంచీ గరాజు తలుపు తీయలేదు.

నువ్వు చదువు మానేశావని రాయకపోతే ఇది కూడా పొయ్యిలోకే వెళ్లేదేమో. అది కూడా నీకు తెలియాలి.

ఎల్‌బ్రిడ్జ్ కోల్

*

వూస్టర్,
ఆగస్టు 11

ఎల్‌బ్రిడ్జ్ గారికి,

మీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. మొదటి రోజు నేల మీద పడుకుని అరిచాను. పక్కగది అమ్మాయి తలుపు బాదింది. ఆ తర్వాత మూడు రాత్రులు వరుసగా నిద్రపోయాను. మే తర్వాత ఇదే మొదటిసారి. ఆ నిద్ర కూడా మీరిచ్చిందే. దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

సెప్టెంబరులో మళ్లీ చేరుతున్నాను.

వచ్చే గురువారం పొద్దున ఏడింటికి పెనికట్ రేవులో ఉంటాను. ఆ వేళకి కింబాల్ వాళ్లు అక్కడే ఉంటారు. రేవు అధికారిని కూడా రమ్మని అడిగాను. నాకు రాసిందంతా మీరు వాళ్ల ముందు చెప్పాలి, నల్లవాగు పేరుతో సహా. మా నాన్న గురించి బేకరీ దగ్గర అనుకుంటున్న మాటలు ఆ రోజుతో ఆగిపోవాలి. మీరు రాకపోతే ఉత్తరం నేనే చదువుతాను.

క్షమించమని మీరు అడగలేదు. అది మంచి పని చేశారు.

ఒక్క సంగతి మీరు రాయలేదు. బహుశా మీకూ తెలిసే ఉంటుంది. ఆ గుంజ దగ్గర నిలబడ్డంతసేపూ నాన్న రేవు పడవ కోసమో, కోస్ట్‌గార్డ్ కోసమో చూసి ఉండడు. తను అక్కడుంటాడని ఈ లోకంలో తెలిసిన మనిషి ఒక్కరే. ఆ మనిషి చెబుతాడని, ఏ నిమిషానికైనా వచ్చేస్తాడని నమ్మి, ముడి మీద ముడి వేసుకున్నాడు.

ఇనెస్ ట్రవాసోస్