కరిగిపోయిన గొట్టం జమ చేయుట గురించి

ఆసుపత్రి సామగ్రి అధికారి గారికి,

అయ్యా,

విషయం: నా గుండెకు కుట్టిన రక్తనాళపు గొట్టం (ఒకటి) తిరిగి జమ చేయలేకపోవుట గురించి.

బజారు మూల కుట్టుమిషను పెట్టుకుని బతికే దర్జీని, సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. రెండేళ్ల క్రితం తమ ఆసుపత్రిలో, పూడిపోయిన నాళానికి బదులుగా ప్రయోగశాలలో తయారైన గొట్టం ఒకటి నా గుండెకు కుట్టారు. దాన్ని ఆసరా చేసుకుని ఒళ్లే కొత్త నాళాన్ని అల్లుకుంటుందని, ఆ తరువాత గొట్టం కరిగిపోతుందని డాక్టరమ్మగారు చెప్పారు. మా పనిలో కచ్చా కుట్టు వంటిది. అసలు కుట్టు పడ్డాక ఆ దారాన్ని ఎవరూ దాచుకోరు. గొట్టం చెప్పినట్టే కరిగింది.

2. ఇప్పుడు పక్క నాళం పూడింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈ నెలలోనే రెండో గొట్టం వేయాలని డాక్టరమ్మగారు చీటీ రాశారు. పాతది అప్పగిస్తేనే కొత్తది ఇస్తామని తమ స్టోరు గుమాస్తాగారు సెలవిచ్చారు. ట్యూబులైటుకైనా చీపురుకైనా ఇక్కడ అదే పద్ధతట. కరిగిపోయిందని మొరపెట్టుకోగా, మిగిలిన ముక్కలైనా తెమ్మన్నారు.

3. స్కాను చూపించాను. అందులో నాళం ఉంది, గొట్టం లేదు. వారు రిజిస్టరులో ఎర్ర సిరాతో 'పోగొట్టబడినది' అని రాసుకుని, పోలీసు ఫిర్యాదు నకలు కావాలన్నారు. ఠాణాలో వస్తువు ఎక్కడ పోయిందని అడిగారు. ఎడమ రొమ్ములో అన్నాను. ఎవరి మీదైనా అనుమానమా అన్నారు. నా ఒంటి మీదే అన్నాను. ఫిర్యాదు రాసుకోకుండా నా కాగితం మడిచి నా చేతిలోనే పెట్టారు.

4. జమ పత్రం ఏడో గడిలో 'లబ్ధిదారు మరణించినచో వారసులు వస్తువును అప్పగించవలెను' అని ఉంది. గుమాస్తాగారు దాని మీద వేలు పెట్టి, "మీకు ఇదొక్కటే దారి కనిపిస్తోందండీ" అన్నారు. పాపం, మంచి మనసుతోనే అన్నారు. అయ్యా, నాకు భయంగా ఉంది.

కావున కరిగినది కరిగినట్టుగా రాసుకుని, రెండో గొట్టం ఇప్పించగలందులకు ప్రార్థన.

ఇంకా ఊపిరితో ఉన్న,
తమ విధేయుడు,
దర్జీ

తా.క. నేను ఆయన భార్యని. ఆయనకి ఇలా బతిమాలి రాయడమే వచ్చు. ఏడో గడి నింపడానికి నేను రాను. మీ గొట్టం ఆయన ఒంట్లోనే కలిసిపోయింది కాబట్టి, రేపు పొద్దున ఆయన్నే తెచ్చి మీ స్టోరు కౌంటరు మీద కూర్చోబెడతాను. జమ చేసుకుని రసీదు ఇవ్వండి. ఆపరేషనయ్యాక రసీదు చూపించి ఇంటికి తీసుకెళ్తాను.